చురుకైన పిల్లలకు మరికొంత చదువు

వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు దేశమంతటా వినబడడానికి కారణం అక్కడి యురేనియం గని. ఆ ఖనిజం సున్నపురాతి జాతికి చెందిన డోలమైట్‌లో ఉంది. ఆమ్లంతో దానిని వేరుచేయబోతే ఆమ్లమంతా ఆ రాతికే ఖర్చయిపోతుంది. అందువల్ల దేశంలోనే మొదటిసారిగా అక్కడ క్షార పద్ధతిలో శుద్ధిచేసే కర్మాగారాన్ని నెలకొల్పారు. ఆమ్లాలు, క్షారాలు మన పిల్లలకు ఏడవ తరగతిలోనే పరిచయమవుతాయి. పుస్తకంలోని పాఠాన్నీ, ఊరి ప్రక్కనున్న గనినీ కలిపి “ఇక్కడ ఆమ్లం ఎందుకు పనికిరాదు?” అని అడగగల బిడ్డ ప్రతి పల్లెలోనూ ఒకరిద్దరైనా ఉంటారు. వారికి తరచుగా లభించే జవాబు మాత్రం ఒక్కటే: ముందు పరీక్షకు వచ్చేది చదువుకో!

ప్రజ్ఞ గల పిల్లలకు తరగతి పాఠాన్ని మించిన బోధన అవసరమన్న ఆలోచన మన రాష్ట్రానికి కొత్త కాదు. 1971లో సర్వేల్‌లోనూ, ఆ మరుసటి సంవత్సరం కొడిగెనహళ్లి, తాడికొండలలోనూ గురుకులాలు వెలిసినది అందుకే. 1986 జాతీయ విద్యావిధానం నవోదయ విద్యాలయాలను తెచ్చింది. అయితే ఒక నవోదయలో ఆరవ తరగతికి ఉండేవి 80 సీట్లే. మిగిలిన పిల్లలు ఊరి బడిలోనే ఉంటారు. మా చింత వారిని గురించే.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తండ్రి లేని బాలుడు. దైవప్రవక్త (సఅసం) మదీనాకు విచ్చేసేనాటికి ఆయన వయస్సు సుమారు పదకొండేళ్లు. అప్పటికే పదికి పైగా సూరాలు కంఠస్థం చేశాడని ఆయనను ప్రవక్త సన్నిధికి తీసుకువచ్చారు. ప్రవక్త (సఅసం) మెచ్చుకొని ఊరుకోలేదు, యూదుల లిపిని నేర్చుకొమ్మని ఆదేశించారు. జైద్ (రజి) దానిని సుమారు పదిహేను రోజుల్లో నేర్చుకున్నట్లు ఉల్లేఖనాలలో ఉంది. ఆ చురుకుదనానికి కొత్త పని దొరికిందన్నమాట. మన ఇళ్లలో బిడ్డ బాగా కంఠస్థం చేస్తే బహుమతి ఇస్తాము, ఫోటో తీస్తాము, అంతటితో సరి.

ఊరి బడి పిల్లలకు నేడు అందుబాటులో ఉన్న ద్వారం ఎన్.ఎం.ఎం.ఎస్. ఉపకారవేతన పరీక్ష. కేంద్ర ప్రభుత్వం 2008లో దీనిని ప్రారంభించింది. ప్రభుత్వ, ఎయిడెడ్, స్థానిక సంస్థల పాఠశాలల్లో ఎనిమిదవ తరగతి చదువుతూ, ఇంటి వార్షికాదాయం మూడున్నర లక్షలు మించని పిల్లలు దీనికి అర్హులు. ఎంపికైతే తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు అందుతాయి. ప్రశ్నపత్రంలో సగం, అంటే 90 ప్రశ్నలు, మేధాశక్తికి సంబంధించినవి. శ్రేణులు, పోలికలు, బొమ్మలలో దాగిన క్రమాలు వంటివి.  వీటి కోసం గైడు పుస్తకాలు కొని రుద్దించే వారున్నారు. మాకు అది నచ్చదు. ఆరవ తరగతి నుండే మగ్రిబ్ తరువాత మక్తబ్‌లో వారానికి రెండు రోజులు ఇటువంటి చిక్కుముళ్లు నలుగురైదుగురు పిల్లల ముందు పెట్టి, ఎవరికి ఎలా తోచిందో చెప్పించి వాదించుకోనివ్వాలి. దీనికి కావలసినది ఒక నల్లబల్ల, ఓపిక గల ఒక డిగ్రీ విద్యార్థి. గనిని గురించిన ప్రశ్న కూడా అక్కడే అడగవచ్చు.

ఇక్కడ మా తోటి ఉలమాలతో ఒక మాట. చురుకైన పిల్లవాడు కనబడగానే ఆరవ తరగతిలో బడి మాన్పించి హిఫ్జ్‌లో కూర్చోబెట్టడం పరిపాటి అయింది. హిఫ్జ్ గొప్ప భాగ్యం, మేమూ ఆ బాటలోనే వచ్చినవారము. కానీ ఎనిమిదవ తరగతి హాజరుపట్టీలో పేరు లేని బిడ్డ ఈ పరీక్ష వ్రాయలేడు. ఫజ్ర్ తరువాతా, సాయంత్రమూ పాఠం సాగించి, బడిలో పేరు నిలిపితే హిఫ్జ్ ఒకటి రెండేళ్లు ఆలస్యమవుతుంది, అంతే.

ఆడపిల్లల విషయం ఇంకా సున్నితమైనది. ఎనిమిదవ తరగతి తరువాత పొరుగూరి హైస్కూలుకు ఆటో ఖర్చు, తోడు లేదన్న భయం, ఈ రెండూ కలిసి చదువు ఆపేస్తాయి. నెలకు వేయి రూపాయలు మొదటి కారణాన్ని చాలావరకు తొలగిస్తాయి. రెండవదానికి ముగ్గురు నలుగురు తల్లులు మాట్లాడుకొని పిల్లలను ఒకే ఆటోలో పంపడమే ఉపాయం. పదవ తరగతి మార్కులను బట్టి ప్రవేశమిచ్చే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008 నుండి మన చేరువలోనే ఉంది. ఏడవ తరగతిలో ప్రశ్నలు అడిగిన అమ్మాయి ఎనిమిదితో ఆగిపోతే ఆ గేటు దాకా ఎలా వెళుతుంది?

ఒక చిన్న విషయం, దీనివల్ల నష్టపోయేవారూ ఉంటారు. మన పిల్లల పేర్లు బడి రిజిస్టరులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటాయి. ఒకచోట ‘షేక్’ ముందుంటే మరొకచోట వెనుక ఉంటుంది, లేదా ఉండనే ఉండదు. సొమ్ము బిడ్డ బ్యాంకు ఖాతాకే వస్తుంది కనుక పేర్లు కలవకపోతే ఎంపికైనా చేతికందడం కష్టం. ఏడవ తరగతి వేసవి సెలవుల్లోనే ఆధార్ సరిచేయించి, ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. బడి తెరవగానే ప్రధానోపాధ్యాయుని కలిసి దరఖాస్తు గడువు ఎప్పుడో అడిగి తెలుసుకోండి.