వార్తల్లో పదం: నాయిస్ కాంటూర్

విశాఖ దగ్గరి సబ్బవరంలో స్థలం కొనేవాళ్లు లింకు పత్రాలు, ఈసీ, లేఅవుట్ అప్రూవల్ అన్నీ చూస్తారు. తలెత్తి ఆకాశం చూసేవాళ్లు అరుదు. విమానాశ్రయం చుట్టుపక్కల సగటు శబ్దం సమానంగా ఉండే చోట్లను మ్యాపు మీద కలిపే గీతే నాయిస్ కాంటూర్. ఇది గుండ్రంగా ఉండదు. విమానాలు దిగే, ఎగిరే దిక్కుల్లో పొడుగ్గా సాగుతుంది. అందుకే రన్‌వే పక్క ఊరికన్నా, దాని సూటిలో దూరంగా ఉన్న ఊరికి మోత ఎక్కువ కావచ్చు.

కేంద్ర ప్రభుత్వ 2018 ప్రమాణాల ప్రకారం ఏటా 50 వేలకు పైగా విమాన రాకపోకలుండే విమానాశ్రయాల చుట్టూ పగలు 70, రాత్రి 65 డెసిబెల్స్ పరిమితి. మిగతావాటికి 65, 60. మామూలు నివాస ప్రాంతానికైతే 55, 45 మాత్రమే! పైగా ఇవన్నీ సగటులు. రాత్రి రెండింటికి ఒక్క విమానం పసిపాపను లేపేసినా సగటు పెద్దగా కదలదు.

విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది కాబట్టి, మోత సంగతి పౌర అధికారులొక్కరే తేల్చేది కాదు. భోగాపురం విమానాశ్రయం అలా కాదు, కొత్తగా కట్టింది. అక్కడ రన్‌వే సూటిలో ఇళ్లు లేవకముందే ఈ గీతలున్న మ్యాపును ప్రతి పంచాయతీ బోర్డు మీదా తెలుగులో అంటించాలి.