మూసిన ప్రోగ్రాంను లేపే వరుస

2000లో మొబైల్ జావాకు తొలి ప్రమాణం ఎంఐడీపీ 1.0 వచ్చింది. అప్పట్లో ఫోన్‌లోని చాట్ ప్రోగ్రాం మనం తెరిస్తేనే నడిచేది. మూశామా, మిత్రుడు పంపిన కబురు అందుకునే దిక్కుండేది కాదు. పోనీ ఎప్పుడూ నడుస్తూ ఉండనిద్దామంటే, ఆ ఫోన్లలో మెమరీ కిలోబైట్ల లెక్క. బ్యాటరీ సంగతి సరేసరి.

2002 నవంబరులో ఎంఐడీపీ 2.0 దీనికి విరుగుడు తెచ్చింది. దాని పేరు పుష్ రిజిస్ట్రీ. కబురు కోసం చెవి ఒగ్గి కూర్చునే పనిని ప్రోగ్రాం నుంచి తప్పించి, ఫోన్‌లో అప్లికేషన్లను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. ఎవరింటికి చుట్టాలొస్తే వాళ్ల తలుపే తట్టే వాచ్‌మన్‌లా, ఏ పోర్టుకు (అంటే, సందేశం ఏ ప్రోగ్రాంకో చెప్పే నంబరుకు) సందేశం వస్తే ఆ పోర్టు రాయించుకున్న ప్రోగ్రాంనే అది లేపుతుంది. లేపడం వరకే దాని పని. కనెక్షన్ తెరిచి సందేశం చదువుకోవాల్సింది లేచిన ప్రోగ్రామే.

రాయించుకోవడానికి, ప్రోగ్రాంతో పాటు వచ్చే జాడ్ అనే వివరాల ఫైల్లో ‘మిడ్‌లెట్-పుష్-1’ అనే ఒక్క వరుస చాలు. అందులో కామాలతో విడదీసిన మూడు ముక్కలుంటాయి: ఏ చిరునామా మీద వినాలి (ఎస్సెమ్మెస్, పోర్టు 5000 అనుకుందాం), ఏ క్లాసును లేపాలి, ఎవరు పంపితే ఒప్పుకోవాలి. మూడోచోట నక్షత్రం గుర్తు పెడితే ఎవరు పంపినా సరే. భద్రతకు ఆ మూడో ముక్కే కీలకం. పంపే నంబరు ముందే తెలిసి కూడా అక్కడ నక్షత్రం పెట్టడం, నా దృష్టిలో, వాడేవాళ్లకు చేసే అన్యాయం. పోర్టు ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. 2948 వ్యాప్ పుష్ అనే వేరే సందేశ సేవది, ప్రోగ్రాంలకు ఇవ్వరు. ఇంకో ప్రోగ్రాం అప్పటికే తీసుకున్న పోర్టు అడిగితే ఇన్‌స్టాల్ ఆగిపోయి, 911 అనే వైఫల్య సంకేతం ప్రోగ్రాంను దించుకున్న సర్వరుకు వెళ్తుంది.

సాకెట్ మీద, అంటే నేరుగా ఇంటర్నెట్ కనెక్షన్ మీద కూడా వినవచ్చని ప్రమాణం చెప్పింది. కానీ చాలామంది ఆపరేటర్లు ఫోన్లకు తమ నెట్‌వర్క్ లోపల మాత్రమే చెల్లే ఐపీ చిరునామాలు ఇచ్చేవారు. బయటి సర్వరు వాటిని చేరలేదు. అందుకే పుష్ భారమంతా ఎస్సెమ్మెస్ మీద పడింది. పోర్టు నంబరుకు చోటు పోగా ఒక్క ఎస్సెమ్మెస్‌లో మిగిలేది 133 బైట్లు. తెలుగులో రాస్తే, గడికి రెండు బైట్ల చొప్పున, 66 గడులు. వాటిలో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గడులు తీసుకుంటుంది.

2009లో ఆపిల్, 2010లో గూగుల్ దారి తిప్పేశాయి. ఫోనే ఆ సంస్థ సర్వరుకు కనెక్షన్ కలిపి ఉంచుతుంది. అన్ని యాప్‌ల కబుర్లూ ఆ ఒక్క తీగ మీదే వస్తాయి. లోపలి ఐపీ చిరునామా ఇక అడ్డు కాదు. యాప్‌కు పోర్టు బదులు టోకెన్ అనే గుర్తింపు సంకేతం ఇస్తారు.