నాడులు – దేహములోని కనబడని త్రోవలు

నాడి అను మాట తెలుగువారి ఇంట నిత్యము వినబడునదే. వైద్యుడు మణికట్టు పట్టి నాడి చూచును. ప్రజల నాడి ఎరిగినవాడని నాయకుని మెచ్చుకొందుము. బసవరాజీయమను వైద్యగ్రంథము నాడీపరీక్షతోనే మొదలగును. అయితే యోగశాస్త్రము చెప్పు నాడి వేరు. అది రక్తనాళము కాదు, నరము కాదు; ప్రాణము సంచరించు త్రోవ.

శంషాబాదు విమానాశ్రయము దాటి పోయినచో కాన్హా శాంతివనమున లక్షమంది కూర్చుండదగిన ధ్యానమందిరము కలదు. అది 2020 జనవరిలో ప్రారంభమైనది. ధ్యానయోగములపై ఆసక్తి ఇంతగా పెరిగిన ఈ దినములలో ఇడ, పింగళ, సుషుమ్న అను పేర్లు మనకు తరచుగా వినబడుచున్నవి. ఆక్యుపంక్చరు వైద్యుని గదిలో చూచినచో, గోడపటములోని మనిషి బొమ్మ నిండ గీతలు, చుక్కలు. ఈ త్రోవలు దేహములో నిజముగా ఉన్నవా? ఇది విచారింపదగిన ప్రశ్న.

యోగగ్రంథముల ప్రకారము ఇడ ఎడమ ముక్కుతోను, పింగళ కుడి ముక్కుతోను ముడిపడి యున్నవి. ఒకటి చంద్రుడు, ఒకటి సూర్యుడు. రెంటి నడుమ, వెన్నెముక లోపల, సుషుమ్న. చైనావారు ప్రాణమువంటి దానిని ‘చీ’ అందురు. అది ప్రవహించు ముఖ్యమార్గములు 12. వానికి తోడు వీపున ఒకటి, ముందువైపున ఒకటి. వీనిపై సూది గ్రుచ్చుటకు నిర్ణయింపబడిన స్థానములు 361. ఉభయులకును భేదమొకటి కలదు. చైనా వైద్యునికి ఈ మార్గములు రోగము కుదుర్చు సాధనములు. సూది అతని చేతిలో నుండును. యోగికి నాడి మోక్షసాధనము. శ్వాసయే అతని పనిముట్టు.

ఇక లెక్కలు చూతము. హఠయోగప్రదీపిక నాడులు 72,000 అనుచున్నది. శివసంహిత మూడున్నర లక్షలు అనుచున్నది. చైనాలో మావాంగ్‌దుయి అనుచోట, క్రీస్తుపూర్వము 168లో మూయబడిన సమాధిని 1973లో త్రవ్వగా పట్టుపై వ్రాసిన వైద్యగ్రంథములు బయటపడినవి. వానిలో మార్గములు 11 మాత్రమే; పిమ్మటనే 12 అయినవి. దేహమును కోసి లెక్కించినవి కనుకనే యైనచో సంఖ్యలు ఇట్లు మారవు. స్వామి దయానంద సరస్వతి యౌవనమున గంగలో కొట్టుకొనివచ్చిన శవమును కోసి చూచి, గ్రంథములలో వర్ణించిన చక్రములు కానరాకపోగా ఆ గ్రంథములను చించి నదిలో విడిచినట్లు స్వీయచరిత్రలో చెప్పుకొనెను. నేటి సూక్ష్మదర్శినులకును ఆ త్రోవలు దొరకలేదు.

అంతమాత్రమున ఇవి వట్టి కల్పనలా? శంషాబాదునుండి లేచిన విమానము నిర్ణీతమైన ఆకాశమార్గమున పోవును. ఆ మార్గమునకు పేరున్నది, పటములో గీత యున్నది. మబ్బులలో వెదకిన గీత లేదు. అది దారి కాదు, దారిచూపు లెక్క. నాడులును అట్టి పటమే యని మేము తలంచుచున్నాము. లోపలినుండి దేహమును గమనించినవారు తమ అనుభవమును గుర్తుంచుకొనుటకు గీచుకొన్న పటమది.

ఆ గమనిక ఎంత నిశితమో ఒక ఉదాహరణము. ఒక ముక్కున గాలి ధారాళముగా ఆడుచుండగా రెండవది కొంత మూసుకొనును. కొన్ని గంటలకు ఇది తారుమారగును. మన స్వరశాస్త్రజ్ఞులు దీనిని ఏనాడో గుర్తించిరి. జర్మను వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లో దీనిని వర్ణించెను. ముక్కులోని పొరలు ఒకవైపు ఉబ్బి ఒకవైపు తగ్గుట దీనికి కారణము. మన వశములో లేని నరములు దీనిని నడపుచున్నవి. నెమ్మదిగా శ్వాసించినచో గుండెవేగము తగ్గుటయు అట్టి నరముల పనియే.

అయితే పటము సరియైనదో కాదో గమ్యము చేరినపుడే తెలియును. జర్మనీలో 1,162 మంది నడుమునొప్పి రోగులపై చేసిన పరీక్షా ఫలితములు 2007లో వెలువడినవి. ఆరు నెలల పిమ్మట చైనా స్థానములలో సూదులు గ్రుచ్చినవారిలో నూటికి 47.6 మందికి మేలు కనబడెను. కావలెనని ఇతర స్థానములలో పైపైన గ్రుచ్చినవారిలోను 44.2 మందికి మేలు కలిగెను. సాధారణ చికిత్స పొందినవారిలో 27.4 మందికే. సూది వలన ఉపశమనము కద్దు. గీతపైనే గ్రుచ్చవలెనను నియమమునకు మాత్రము బలము చాలలేదు.

కావున ప్రాణాయామమును, ధ్యానమును నిశ్చింతగా అభ్యసింపవచ్చును. నొప్పికి సూదివైద్యము చేయించుకొనువారు, సూది క్రొత్తదై ఒక్కసారి వాడి పారవేయునదిగా ఉన్నదా యని అడిగి తెలిసికొనవలెను. తెలియనివాని చేతిలో రొమ్మున గ్రుచ్చిన సూది ఊపిరితిత్తిని తాకవచ్చును. మధుమేహమునకు, రక్తపు పోటునకు వాడు మందులను నాడీశుద్ధి చేసికొంటిమని మానరాదు. గుండెలో నొప్పి వచ్చినను, ఒక ప్రక్క కాలుచేతులు పడినను, మూతి వంకరయైనను నాడుల మాట తరువాత. ముందు 108కి ఫోను చేయవలెను. పటము దారి చూపును గాని, వాహనము కాజాలదు.