తుపాకీకి కళ్లెం వేసిన న్యాయకోవిదుడు

1975 జనవరి 25. పోర్చుగల్ ఉత్తరాన పోర్టో నగరంలో క్రిస్టల్ ప్యాలెస్. లోపల సీడీఎస్ అనే కొత్త పార్టీ తొలి మహాసభ. బయట వామపక్ష నిరసనకారుల ముట్టడి. ప్రతినిధులూ విదేశాల నుంచి వచ్చిన అతిథులూ రాత్రంతా ఆ భవనంలోనే చిక్కుకుపోయారు. సైనికులు వచ్చి దారి చేస్తే తప్ప బయటికి అడుగు పెట్టలేకపోయారు. ఆ పార్టీ నాయకుడు డియోగో ఫ్రెయిటాస్ దు అమరాల్. వయసు 33 ఏళ్లు, వృత్తి లిస్బన్‌లో న్యాయశాస్త్ర బోధన.

ఏడేళ్లు తిరిగేసరికి ఆయనే దేశ రక్షణ మంత్రి. సైన్యాన్ని ఎన్నికైన ప్రభుత్వం చేతి కిందికి తెచ్చిన చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. తనను కాపాడిన వాళ్లకే పగ్గాలు బిగించాడా అనిపించవచ్చు. పోర్చుగల్ ఎలాంటి స్థితి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ మాట అనలేం.

ఆ దేశానికి ప్రజాస్వామ్యం తెచ్చిపెట్టింది సైన్యమే. అంగోలా, గినీ, మొజాంబిక్‌లలో 13 ఏళ్లు సాగిన వలస యుద్ధాలతో విసిగిపోయిన యువ అధికారులు 1974 ఏప్రిల్ 25న నియంతృత్వాన్ని కూల్చేశారు. వాళ్ల కడుపుమంటలో మన గోవాకూ కొంత వాటా ఉంది. 1961 డిసెంబరులో భారత సైన్యం గోవాలో అడుగుపెట్టినప్పుడు ప్రాణాలు పోయేదాకా పోరాడమని లిస్బన్ నుంచి నియంత సలజార్ హుకుం. గవర్నర్ జనరల్ వాసాలో ఇ సిల్వా ఆ మాట వినకుండా లొంగిపోయి ఎందరో ప్రాణాలు నిలిపాడు. అందుకు ప్రతిఫలంగా సైన్యం నుంచి ఆయన్ని గెంటేశారు. పాలకులు చేసిన తప్పులకు తమ పరువు బలవుతోందన్న బాధ అధికారుల్లో ఆనాటి నుంచీ ఉంది.

విప్లవం గెలిచింది. జనం తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు గుచ్చారు. కానీ ఆ తుపాకీ పాలన నుంచి పక్కకు తప్పుకోలేదు. 1975 మార్చిలో ఏర్పడిన విప్లవ మండలిలో సైనికాధికారులదే పెత్తనం. పార్లమెంటు చేసిన చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అన్నది చివరికి వాళ్లే తేల్చేవారు. సైన్యానికి సంబంధించిన చట్టాలు చేసే హక్కూ వాళ్లదే. అధ్యక్షుడు రమాల్యో ఇయానెస్ స్వయంగా జనరల్. 1981 దాకా సర్వసైన్యాధిపతి పదవి కూడా ఆయన దగ్గరే ఉండేది. రక్షణ మంత్రి ఉన్నా, సేనాపతులు ఆయనకు జవాబుదారులు కారు.

ఫ్రెయిటాస్ చదివింది, చెప్పింది పరిపాలనా న్యాయశాస్త్రం. ప్రభుత్వాధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చెప్పే శాస్త్రమది. ఆయన గురువు మార్సెలో కైతానో. విప్లవం గద్దె దింపిన ప్రధాని ఆయనే. అలాంటి గురువుకు శిష్యుడన్న ముద్ర ఫ్రెయిటాస్‌ను చాలాకాలం వెంటాడింది. 1976 రాజ్యాంగానికి రాజ్యాంగ సభలో వ్యతిరేకంగా ఓటేసిన ఏకైక పార్టీ కూడా ఆయనదే. సోషలిజం వైపు నడవాలని రాజ్యాంగమే శాసించడం ఆయనకు మింగుడుపడలేదు.

సీడీఎస్ కూడా భాగమై 1980 ఎన్నికల్లో గెలిచిన మితవాద కూటమికి డిసెంబరు 4 రాత్రి కోలుకోలేని దెబ్బ తగిలింది. ప్రధాని సా కార్నెయిరో, రక్షణ మంత్రి అదెలినో అమారో ద కోస్తా ఎక్కిన చిన్న సెస్నా విమానం లిస్బన్‌లో గాల్లోకి లేచిన కాసేపటికే కామరాత్‌లో కూలింది. అందులో ఉన్న ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు. అది ప్రమాదమా, కుట్రా అన్న వాదన దశాబ్దాలపాటు సాగింది. అమారో ద కోస్తా విప్లవం తర్వాత రక్షణ శాఖ చేపట్టిన తొలి పౌర మంత్రి. సీడీఎస్‌ను ఫ్రెయిటాస్‌తో కలిసి కట్టిన నేస్తం. ఆ దుఃఖంలోనే ఫ్రెయిటాస్ తాత్కాలిక ప్రధానిగా దేశాన్ని నడిపాడు. 1981 సెప్టెంబరులో, ప్రధాని బల్సెమావ్ ప్రభుత్వంలో ఉప ప్రధానిగా ఉంటూ రక్షణ శాఖ తీసుకున్నాడు.

అప్పటికి ఏడు నెలల కిందటే పొరుగున స్పెయిన్‌లో ఒక లెఫ్టినెంట్ కర్నల్ తుపాకీ పట్టుకుని పార్లమెంటులోకి చొరబడ్డాడు. సైన్యం తిరగబడుతుందేమోనన్న భయానికి కారణం లేకపోలేదు.

1982లో రాజ్యాంగ సవరణ విప్లవ మండలిని రద్దు చేసింది. దాని వెంటే ఫ్రెయిటాస్ జాతీయ రక్షణ, సాయుధ దళాల చట్టం తెచ్చాడు. సైన్యం ఇక రక్షణ శాఖ ద్వారా ప్రభుత్వ యంత్రాంగంలో భాగం. దళాధిపతుల పేర్లు ప్రభుత్వం ప్రతిపాదించాలి, అధ్యక్షుడు నియమించాలి. ఉద్యోగంలో ఉన్న సైనికుడు పార్టీలో చేరకూడదు, రాజకీయ ప్రకటనలు చేయకూడదు. ఇయానెస్ వీటో చేశాడు. అధికార దాహంతో అలా చేశాడని నేననుకోను. 1975 నవంబరులో దేశం అంతర్యుద్ధం అంచున ఉన్నప్పుడు దాన్ని నిలబెట్టిన మనిషి ఆయన. సైన్యం పార్టీల చేతిలో పడుతుందన్న ఆయన భయం అర్థం చేసుకోదగ్గది. అయినా పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో చట్టాన్ని మళ్లీ ఆమోదించింది. డిసెంబరు 11న అది 29/82 నంబరు చట్టమైంది. అధ్యక్షుడు ఆ తీర్పుకు తలవంచాడు. ఏ బారక్స్ నుంచీ ఒక్క ట్యాంకు కదల్లేదు. ఫ్రెయిటాస్ బతుకులో అతి గొప్ప ఘట్టం ఇదేనని నా నమ్మకం.

ఆ తర్వాతి కథ జనానికి బాగా తెలిసినదే. 1986 అధ్యక్ష ఎన్నికల్లో తొలి విడతలో 46 శాతం తెచ్చుకుని, రెండో విడతలో మారియో సోరెస్ చేతిలో సుమారు 1.4 లక్షల ఓట్ల తేడాతో ఓడాడు. 1995లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు అధ్యక్షుడయ్యాడు. 2003లో ఇరాక్ యుద్ధాన్ని బాహాటంగా ఎదిరించాడు. 2005లో సోషలిస్టు ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయితే, తాను స్థాపించిన పార్టీయే కార్యాలయంలోని ఆయన చిత్రపటాన్ని దించి సోషలిస్టులకు పంపేసింది. పార్టీ మారాడని తిట్టినవాళ్లు చాలామంది. ఆయన్ని పార్టీల కొలబద్దతో కొలిస్తే న్యాయం జరగదు.

2019 అక్టోబరు 3న, 78 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అప్పటికి పదేళ్ల ముందే, 2009లో కొత్త రక్షణ చట్టం వచ్చి 1982 చట్టం స్థానం తీసుకుంది. దళాధిపతుల నియామకం మాత్రం నేటికీ ఆ పద్ధతిలోనే సాగుతోంది: ప్రభుత్వం ప్రతిపాదిస్తుంది, అధ్యక్షుడు నియమిస్తాడు.