ల్యాబ్ రిపోర్టులో "దొరకలేదు" అంటే ఏ మందూ లేనట్టేనా?

మాది దొనకొండ. పోయినేడు మా కందిపప్పు కొనడానికి వచ్చిన వ్యాపారి ల్యాబ్ రిపోర్టు అడిగాడు. ధైర్యంగా చూపించా. వరసగా పురుగుమందుల పేర్లు, అన్నింటి ఎదురుగా "దొరకలేదు". ఆయన వేలు పెట్టి కిందిదాకా చూసి, "గ్లైఫోసేట్ ఏదీ?" అన్నాడు. ఆ పేరే లేదు! మా గట్టు అవతల కొట్టే గడ్డిమందు అదే. సరుకు ఆగిపోయింది.

ల్యాబ్ తప్పు కాదు, నేనే అడగలేదు. ఎందుకలా జరిగిందో చెప్తా.

వీడియోలో చూపించిన సన్న స్టీల్ గొట్టాన్ని కాలమ్ అంటారు. లిక్విడ్ క్రొమటోగ్రఫీ మిషన్‌కి అదే గుండెకాయ. లోపల కొన్ని మైక్రాన్ల సైజు సిలికా గుండ్లు కూరి ఉంటాయి. సిలికా అంటే మన ఇసుకలో ఉండేదే. ఆ గుండ్లకి 18 కార్బన్ల గొలుసులు అతికిస్తే అది సి18 కాలమ్. మాత్రలు తయారుచేసే కంపెనీలూ ఎక్కువగా వాడేది ఈ రకమే.

ఆ గొలుసులది నూనె గుణం. నూనె గుణమున్న మందులు వాటిని అంటుకుని నిదానంగా బయటికొస్తాయి. ఒక్కోటి ఒక్కో టైముకి వస్తుంది కాబట్టి మిషన్ విడివిడిగా కొలుస్తుంది.

ఈ పద్ధతి పుట్టింది ఆకు పసరుతోనే. 1900ల మొదట్లో త్స్వెట్ అనే రష్యా వృక్షశాస్త్రవేత్త, సుద్దపొడి నింపిన గాజు గొట్టంలో పసరు పోసి, అందులోని రంగులను పట్టీలుగా విడగొట్టాడు.

ఇక గ్లైఫోసేట్‌కి నీళ్లంటేనే ఇష్టం. సి18లో నిలవకుండా నీళ్లతోపాటు జారిపోతుంది. దాన్ని పట్టాలంటే గ్రాఫైట్ లాంటి వేరే పదార్థం నింపిన కాలమ్ కావాలి, లేదంటే ముందే ఇంకో రసాయనం కలిపి దాని గుణం మార్చాలి. అంటే వేరే పరీక్ష, వేరే ఫీజు.

అందుకే శాంపిల్ ఇచ్చేముందు మూడు అడగండి:

1. పట్టికలో ఏయే మందులున్నాయి?
2. గ్లైఫోసేట్ అందులో ఉందా, విడిగా చేయించాలా?
3. ఎంత తక్కువదాకా కొలవగలరు? కిలోకి 0.01 మిల్లీగ్రాము అంటే టన్ను పప్పులో 10 మిల్లీగ్రాములు. "దొరకలేదు" అంటే సున్నా అని కాదు, ఆ హద్దుకి లోపల ఉందని.

తర్వాత విడిగా చేయించా. అదీ దొరకలేదనే వచ్చింది. కానీ అప్పటికే ఆయన వేరేచోట కొనేసుకున్నాడు. ఈ ఏడు శాంపిల్ ఇచ్చేటప్పుడే అడిగేశా. మీరూ ముందే అడగండి.