సాలెపురుగు: మనమెరుగని మన పొరుగు

పండుగ వచ్చినదంటే మన ఇండ్లలో మొదట జరిగే పని బూజు దులుపుట. సంక్రాంతి కానిండు, రంజాన్ కానిండు, క్రిస్మస్ కానిండు, బూజుకర్ర చేతబట్టిన వెంటనే మన దృష్టి పడేది మూలనున్న సాలెగూటిపైననే. ఆ గూటిని అల్లిన ప్రాణిని గూర్చి మాత్రము మనము ఆలోచించుట అరుదు. ఇంత అల్పముగా కనిపించే ఈ జీవి ఓడలెక్కి సముద్రములు దాటినది. ఉక్కుతో పోటీపడే దారమును వడికినది. మన రాష్ట్రములోని ఒక చిన్న పట్టణము పేరును ప్రపంచమంతట వినిపించినది. ఓడరేవును, ఉక్కు కర్మాగారమును నిత్యము చూచే విశాఖ విద్యార్థులకు దీని కథ తప్పక వినదగినది.

ముందుగా పేరు సంగతి చూతము. తెలుగులో సాలె అనగా బట్టలు నేయువాడు. ఆ వృత్తి పేరే ఈ జీవికి వచ్చినది. సంస్కృతములో దీనిని ఊర్ణనాభము అన్నారు. నాభి నుండి ఉన్నివంటి దారము తీయునది అని భావము. నిజమునకు ఆ దారము పొట్ట చివరనున్న సన్నని నేత గొట్టముల నుండి వెలువడుతుంది. శ్రీకాళహస్తి క్షేత్రనామములో శ్రీ అనగా సాలీడు, కాళము అనగా సర్పము, హస్తి అనగా ఏనుగు అని స్థలపురాణము చెప్పుచున్నది. పవిత్ర ఖురాన్‌లో 29వ అధ్యాయమునకు అల్ అన్‌కబూత్, అనగా సాలీడు, అని పేరు. అందు సాలీటి ఇల్లు ఇండ్లన్నిటిలో బలహీనమైనదిగా చెప్పబడినది. మన పూర్వులు ఈ జీవిని మనకన్న శ్రద్ధగా గమనించిరనుటకు ఇవి నిదర్శనములు.

పేరులో పురుగు అని ఉన్నను శాస్త్రరీత్యా ఇది కీటకము కాదు. కీటకమునకు కాళ్ళు ఆరు, సాలీటికి ఎనిమిది. దీనికి రెక్కలు లేవు, మీసములవంటి స్పర్శశృంగములు లేవు. ఇది తేలుకు దగ్గరి చుట్టము. ప్రపంచములో శాస్త్రజ్ఞులు నమోదు చేసిన సాలెపురుగుల జాతులు 2022 నాటికే 50,000 దాటినవి.

దీని శరీర నిర్మాణము మరింత విచిత్రము. మన రక్తములో ఇనుము ఉన్నందున అది ఎరుపు. సాలీటి రక్తములో రాగి ఉన్నందున ప్రాణవాయువు కలిసినప్పుడు అది నీలివన్నె దాల్చును. దాని కాళ్ళలోని ముఖ్యమైన కీళ్ళను ముడుచుటకు కండరములు ఉన్నవిగాని చాచుటకు లేవు. శరీర ద్రవమును ఒత్తిడితో కాళ్ళలోనికి పంపి వాటిని చాచుకొనును. చచ్చిన సాలీడు కాళ్ళు ముడుచుకొని పడి ఉండుటకు కారణమిదే. అది ఆహారమును నమిలి మ్రింగలేదు; జీర్ణరసమును ఎరపైకి వదలి, కరగిన దానిని పీల్చుకొనును.

ఇక దారము మాట. సాలెగూడు ఇల్లుగా బలహీనమే: ఎండను ఆపదు, వానను ఆపదు, బూజుకర్రకు నిలువదు. కాని ఆ గూటిలోని పోగు కథ వేరు. సమానమైన బరువు తీసుకొని పోల్చినచో, గూటికి ఆధారమైన పోగు బలము ఉక్కుకు సుమారు ఐదు రెట్లు. పైగా అది తెగక సాగును. ఉక్కు కరగవలెనన్న 1,500 డిగ్రీల సెంటీగ్రేడుకు దగ్గరి వేడిమి కావలెను. సాలీడో, నీటిలో కరగియున్న మాంసకృత్తులను సాధారణ ఉష్ణోగ్రతలోనే గట్టి పోగుగా మార్చుచున్నది. దీనికి కొలిమి లేదు, పొగగొట్టము లేదు. పాతబడిన గూటిని పారవేయక, తానే తిని, ఆ సరుకుతోనే క్రొత్త గూడు అల్లే సాలీళ్ళు కూడ ఉన్నవి. పట్టుపురుగులవలె వీటిని గుంపుగా పెంచుదమన్న ఒకదానినొకటి తినివేయును. అందుచేత శాస్త్రజ్ఞులు సాలీటి జన్యువులను సూక్ష్మజీవులలోను మేకలలోను ప్రవేశపెట్టి ఆ దారమునకు కావలసిన పదార్థమును సాధింప యత్నించిరి.

గూడు అల్లి ఎరకై కాచుకొనుట అన్ని సాలీళ్ళ పద్ధతి కాదు. రాత్రివేళ మన స్నానపు గదుల గోడలపై కనిపించే పెద్ద గోధుమరంగు సాలీడు వేటగాడు. బొద్దింకలను పరుగెత్తి పట్టును. ఆడది బిళ్ళవంటి గ్రుడ్ల సంచిని పొట్టక్రింద పట్టుకొని తిరుగును. దీని శాస్త్రీయ నామము హెటెరోపోడా వెనటోరియా. ఆసియా ఉష్ణప్రాంతములకు చెందిన ఈ జాతి సరుకుల ఓడలలో చేరి, రేవు నుండి రేవునకు ప్రయాణించి, నేడు ప్రపంచములోని ఉష్ణదేశములన్నిటిలోను వ్యాపించినది. రేవుపట్టణ వాసులమైన మనకు ఇది వింత కారాదు.

దీనిని చూడగానే చెప్పు తీసే అలవాటు మనలో ఉన్నది. సాలీడు ఒంటిపై పాకినందువలననే నీటిపొక్కులు వచ్చునని పలువురు నమ్ముదురు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలోను మకడీ అని ఇదే మాట వినవచ్చును. ఒంటికి ఒక ప్రక్కన పట్టీవలె మంటతో లేచే పొక్కులకు తరచు కారణము ఆటలమ్మను కలిగించే వైరస్సు. అది ఎన్నో ఏండ్లు నరములలో దాగి మరల విజృంభించును. దానికి వైద్యమున్నది, ఆ వైద్యము మొదటి మూడు రోజులలో ఆరంభించిన మేలు ఎక్కువ. సాలీటిని నిందించి కూర్చున్నచో నష్టపోవునది రోగియే.

ఇప్పుడు మన రాష్ట్రమునకే గర్వకారణమైన సాలీటిని పరిచయము చేయుదము. అనంతపురం జిల్లాలోని గుత్తి రైల్వే స్టేషను ప్రక్కన కలప నిలువచేసే ఆవరణలో ఒక పెద్ద సాలీడు దొరికినది. బ్రిటిషు జంతుశాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ 1899లో దానిని వర్ణించి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టెను. ఆ తరువాత నూరేండ్లకు పైగా అది శాస్త్రజ్ఞుల కంటబడలేదు. చివరకు 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్యనున్న అడవిలో అది సజీవముగా మరల కనిపించినది. గుత్తికి ఆ అడవి సుమారు నూరు కిలోమీటర్ల దూరము. అడవిలో కొట్టిన దుంగలతోపాటు రైలెక్కి అది గుత్తి చేరియుండునని శాస్త్రజ్ఞుల ఊహ.

ఆ సాలీడు నెమలి మెడవంటి నీలిరంగుతో మెరయును. కాళ్ళు చాచిన సుమారు 15 నుండి 20 సెంటీమీటర్లు ఉండును. ఆ నీలిమ ఏదో రంగు పదార్థము వలన వచ్చినది కాదు. రోమములలోని అతి సూక్ష్మమైన నిర్మాణము వెలుగును అట్లు త్రిప్పి పంపుచున్నది. పెద్ద చెట్ల తొఱ్ఱలలో నివసించి రాత్రివేళ ఎరకై వెలుపలికి వచ్చును. కాటు మిక్కిలి బాధాకరమేగాని దానివలన మనిషి మరణించినట్లు నమోదు కాలేదు.

ఈ జాతికి 2008 నాటికి తెలిసిన సహజ నివాసము నూరు చదరపు కిలోమీటర్లకన్న తక్కువ. అందుచే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము 2008లో దీనిని అంతరించిపోవు ప్రమాదము అత్యధికముగా గల జాతులలో చేర్చినది. వంటచెరకునకై, కలపకై పెద్ద చెట్లు కొట్టివేయుచున్నందున తొఱ్ఱలు కరవగుచున్నవి. అందమునకై పట్టి అమ్ముకొనువారి బెడద వేరొకటి. విచిత్రమేమనగా, ఐరోపా, అమెరికా దేశములలో అనేకులు దీనిని గాజుపెట్టెలలో పెంచుచు గుత్తి పేరునే పలుకుచున్నారు. గుత్తి కోటను ఎరిగిన మన తెలుగువారిలో గుత్తి సాలీటిని ఎరిగినవారెందరు?

గాజుపెట్టెలో బ్రతికినంత మాత్రమున ఒక జాతి బ్రతికినట్లు కాదు. దాని చెట్టు, దాని తొఱ్ఱ, దాని అడవి నిలిచినప్పుడే అది నిలుచును. ఎన్నడును చూడని జీవి కొరకు ఎవరును చెట్టును కాపాడరు. కావున మొదట తెలిసికొనుట అవసరము. మన కళాశాల ప్రాంగణములో, ఇంటి పెరటిలో, కంబాలకొండ దారులలో ఎన్ని రకముల సాలీళ్ళున్నవో విద్యార్థులు ఒక నోటుపుస్తకములో వ్రాసి ఉంచినచో అది చిన్న పనియే అయినను వ్యర్థము కాదు. వచ్చే పండుగకు బూజు తప్పక దులుపుదము. కాని బూజుకర్ర ఎత్తే ముందు, ఆ మూలనున్న నేతగాని పనితనమును ఒక్క క్షణము చూచి మరీ ఎత్తుదము.