అప్పుడు తిరగనన్నాడు... ఇప్పుడు ఆగట్లేదు!

36వ వారం స్కాన్ చూసి డాక్టర్ ఒకటే మాటన్నారు: ‘బేబీ తల పైనుంది. సిజేరియన్‌కి డేట్ చూసుకోండి’. ఐదు నిమిషాల్లో బయటికొచ్చేశాం.

ఇంటికెళ్తే అత్తమ్మ నవ్వేసింది. ‘మీ మామ గూడ ఎదురుకాళ్లతోనే పుట్టిండు. నడుము పట్టినోళ్లంతా ఆయనతో తన్నించుకోనీకి వచ్చేటోళ్లు’ అంది. ఆ వెంటనే ‘పొట్ట తోమి తిప్పే ముసలమ్మను పిలవాల్నా?’ అనేసరికి నాకు భయమేసింది.

ఆ రాత్రి ఫోన్‌లో వెతుకుతుంటే కనిపించింది ‘ఈసీవీ’ అనే మాట. అంటే పొట్టపై చేతులతో నొక్కుతూ, డాక్టరే బిడ్డను తల కిందికి వచ్చేలా తిప్పడం. మర్నాడే ఇంకో హాస్పిటల్‌కి వెళ్లాం.

అక్కడి మేడమ్ అన్నీ విడమరిచి చెప్పారు. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు, నలుగురు పిల్లలు ఇలాగే ఉంటారట. ఈసీవీ దాదాపు సగం మందికి ఫలిస్తుంది. తొలి కాన్పైతే ఇంకాస్త తక్కువ. 200 మందిలో ఒకరికి అత్యవసరంగా సిజేరియన్ చేయాల్సి రావొచ్చు. అందుకే ఆపరేషన్ సదుపాయం ఉన్నచోటే చేయాలి. కవలలున్నా, మాయ కిందికి ఉన్నా, ఉమ్మనీరు పోయినా చేయరు. నెగెటివ్ బ్లడ్ గ్రూప్ వాళ్లకు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు.

సరేనన్నాను. ముందు స్కాన్ చేసి, బిడ్డ గుండె చప్పుడు చూశారు. గర్భసంచి వదులవడానికి ఇంజెక్షన్ ఇచ్చారు. దాంతో నా గుండె దడదడలాడింది. మేడమ్ ఒక చేత్తో బిడ్డ పిర్రల్ని పైకి లేపుతూ, ఇంకో చేత్తో తలను నెట్టారు. నొప్పికి మా ఆయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నా. బిడ్డ అడ్డంగా వచ్చి, మళ్లీ మొదటికే జారిపోయాడు. రెండోసారి ప్రయత్నిస్తుంటే గుండె వేగం తగ్గింది. వెంటనే ఆపేశారు. కాసేపటికి మామూలైంది. ఆ కాసేపు నాకు ఊపిరాడలేదు.

39వ వారంలో సిజేరియనే అయింది. అయినా బాధ లేదు. ఎందుకంటే ఈసారి అన్నీ తెలుసుకుని నేనే ఒప్పుకున్నా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. కాబట్టి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందంటే, ‘నాకు ఈసీవీ కుదురుతుందా?’ అని ఒక్కసారి అడగండి. ఇంట్లో మాత్రం పొట్ట తోమించుకోవద్దు.

మా వాడికిప్పుడు ఏడు నెలలు. బోర్లా పడటం వచ్చేసింది. అప్పుడు తిరగనని మొండికేసినోడు, ఇప్పుడు మంచం మీద ఒక్క నిమిషం ఆగట్లేదు!